రెక్కల కష్టానికి రెండు వెలలు

చౌక విమాన అనుబంధ సంస్థలతో మాతృసంస్థ పైలట్ల కొలువులకు ఎసరు

* అలయన్స్ ఎయిర్ నుంచి ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ దాకా ఇదే తీరు
* కొత్త విమానాలు పిల్ల సంస్థకు... పదోన్నతి నిరీక్షణ తల్లి సంస్థ వారికి
* అప్పుచేసి శిక్షణకు పంపే కుటుంబాలు తెలుసుకోవలసిన లెక్కలు

రేణిగుంట: శ్రీవారి దర్శనానికి వచ్చే భక్తుడు రేణిగుంట విమానాశ్రయంలో దిగి, సామాను తీసుకుని, కొండకు వెళ్లే వాహనం కోసం వెదుకుతాడు. తనను తెచ్చిన విమానం తోకమీది గుర్తును చూస్తాడేమో గాని, దానిని నడిపిన పైలట్‌కు జీతం ఏ సంస్థ ఖాతా నుంచి వస్తుందన్నది అతడికి పట్టదు. టికెట్టు ధర అందుబాటులో ఉంటే అంతే చాలు. ఆ ధరను అందుబాటులోకి తెచ్చేందుకు విమానయాన సంస్థలు గత మూడు దశాబ్దాలుగా అనుసరిస్తున్న మార్గాల్లో ముఖ్యమైనది అనుబంధ సంస్థల ఏర్పాటు. పెద్ద సంస్థ తన పేరుతో ఎక్కువ ధరకు ఒక సర్వీసు నడుపుతూనే, పక్కన మరో చిన్న సంస్థను పెట్టి తక్కువ ధరకు మరో సర్వీసు నడుపుతుంది. ప్రయాణికుడికి ఇది లాభమే. మరి పెద్ద సంస్థలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పైలట్ సంగతేమిటన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఢిల్లీ, ముంబయి వారికే పరిమితం కాదు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల నుంచి కూడా పొలమో ఇంటి స్థలమో తాకట్టు పెట్టి పిల్లలను పైలట్ శిక్షణకు పంపాలని చూసే కుటుంబాలు ఉన్నాయి. ఆ పిల్లలు రేపు చేరేది తల్లి సంస్థలోనా, పిల్ల సంస్థలోనా అన్నదానిపై వారి జీతం, పదోన్నతి, అప్పు తీరే గడువు ఆధారపడి ఉంటాయి.

అద్దె బస్సు ఉదాహరణ చాలు

జిల్లా పాఠకుడికి ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు. ఆర్టీసీ అద్దె బస్సును ఎరిగినవారికి ఇది సులువుగానే బోధపడుతుంది. బస్సుమీద రంగు ఆర్టీసీదే, టికెట్టు ఆర్టీసీదే, దారి కూడా అదే. కాని డ్రైవరు మాత్రం బస్సు యజమాని మనిషి. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అద్దె బస్సు డ్రైవరు మాత్రం ఆ జాబితాలో లేడు. పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద నిలిచిన రెండు బస్సుల డ్రైవర్లు ఒకే రోడ్డుమీద ఒకే పని చేస్తారు. జీతం, పింఛను, సెలవు మాత్రం వేర్వేరు. అద్దె బస్సులు పెరిగినప్పుడు ఆర్టీసీలో ఉన్న డ్రైవరును వెంటనే ఇంటికి పంపకపోవచ్చు. అతడు పదవీవిరమణ చేశాక ఆ స్థానంలో కొత్త నియామకం జరుగుతుందా అన్నదే అసలు విషయం.

విమానయానంలోనూ ఇదే జరుగుతోంది. ఒక జెట్ విమానాన్ని రోజంతా, వారమంతా తిప్పాలంటే సెలవులు, విశ్రాంతి, శిక్షణ లెక్కలోకి తీసుకుని సుమారు 10 నుంచి 14 మంది పైలట్లు కావాలి. మాతృసంస్థకు రావలసిన 10 విమానాలను అనుబంధ సంస్థకు మళ్లిస్తే, వంద మందికి పైగా పైలట్ల ఉద్యోగాలు ఒక జాబితా నుంచి మరో జాబితాకు తరలిపోయినట్లే. ఎవరికీ తొలగింపు ఉత్తర్వు అందదు. అందువల్ల నష్టం పైకి కనిపించదు.

సీనియారిటీయే ఆస్తి

పైలట్ కొలువులో సీనియారిటీ సంఖ్యకు ఉన్న విలువ మరే కొలువులోనూ ఉండదంటే అతిశయోక్తి కాదు. కో-పైలట్‌గా చేరిన వ్యక్తి ఎప్పుడు కమాండర్ అవుతాడు, చిన్న విమానం నుంచి పెద్ద విమానానికి ఎప్పుడు మారతాడు, ఏ ఊరు కేంద్రంగా పనిచేస్తాడు అన్నవన్నీ చాలావరకు ఆ వరుసను బట్టే తేలతాయి. ఒక సంస్థలో 12 ఏళ్లు పనిచేసినవాడు మరో సంస్థలో చేరితే అనుభవం వెంట వస్తుంది గాని, వరుస వెంట రాదు. అక్కడ చివరి నుంచి మొదలుపెట్టాల్సిందే.

పైగా ప్రతి విమాన రకానికీ ప్రత్యేక అర్హత ఉంటుంది. ఏటీఆర్ నడిపే వ్యక్తి మరునాడే ఎయిర్‌బస్ ఎక్కలేడు, ఎయిర్‌బస్ నడిపేవాడు బోయింగ్ ఎక్కలేడు. మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష తప్పవు. కాబట్టి యాజమాన్యం ఏ రకం విమానాన్ని ఏ సంస్థకు కేటాయిస్తుందన్న ఒక్క నిర్ణయంతోనే వందలాది పైలట్ల భవిష్యత్తు తేలిపోతుంది.

రేణిగుంటకు వచ్చే విమానాల్లోనే ఈ తేడా కనిపిస్తుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్ మీదుగా తిరుపతికి ఎయిరిండియా ఎయిర్‌బస్ సర్వీసు చాలా ఏళ్లు నడిచింది. ఆ గ్రూపులోని అనుబంధ సంస్థ అలయన్స్ ఎయిర్ సుమారు 70 సీట్ల ఏటీఆర్ విమానాలతో తిరుపతికి సర్వీసులు నడిపింది. ఎయిర్‌బస్‌లో చౌక సంస్థలు 180 మంది వరకు ఎక్కిస్తాయి. రెండింటికీ కావలసిన పైలట్లు మాత్రం ఇద్దరే. పైలట్ల జీతాన్ని ప్రయాణికులపై పంచితే, చిన్న విమానంలో ఒక్కో సీటుపై పడే భారం రెండింతలకు పైగా ఉంటుంది. ఏటీఆర్ పైలట్ల వేతన శ్రేణి జెట్ పైలట్ల శ్రేణికన్నా తక్కువగా ఉండటానికి ఇదొక కారణం. చిన్న విమానాల కోసం వేరే సంస్థను పెట్టడానికి యాజమాన్యాలు మొగ్గుచూపడానికి కూడా ఇదే కారణం.

1996లో పడిన బాట

దేశంలో విమానయానంపై ప్రభుత్వ సంస్థల గుత్తాధిపత్యం 1994లో చట్టపరంగా ముగిసింది. అంతకుముందే ఎయిర్ టాక్సీల పేరుతో రంగంలోకి దిగిన ప్రైవేటు సంస్థలు ఎక్కువ జీతాలు చూపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లను తీసుకుపోయాయి. ఆ నేపథ్యంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1996లో అలయన్స్ ఎయిర్‌ను అనుబంధ సంస్థగా నెలకొల్పి, తన పాత బోయింగ్ 737-200 విమానాలను దానికి అప్పగించింది. కాలక్రమంలో అది చిన్న పట్టణాలకు చిన్న విమానాలు నడిపే సంస్థగా మారింది.

రెండో అడుగు 2005లో పడింది. ఎయిరిండియా తన అనుబంధ సంస్థ ద్వారా ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ పేరుతో ఏప్రిల్ 29న తిరువనంతపురం నుంచి అబుధాబికి తొలి సర్వీసు నడిపింది. కూలి పనులకు, ఇంటి పనులకు గల్ఫ్ వెళ్లేవారే దాని ప్రధాన ప్రయాణికులు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాలకు చేరుకుని గల్ఫ్ విమానం ఎక్కే రాయచోటి, మదనపల్లె, పీలేరు ప్రాంతాల వలస కార్మికులకు చౌక టికెట్టు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ సంస్థలో నియామకాలు వేరు, నిబంధనలు వేరు. చాలామంది సిబ్బందిని నిర్ణీత కాలపు ఒప్పందాలమీద తీసుకున్నారు. అనుభవం గల కమాండర్ల కొరతను విదేశీ పైలట్లతోనూ పూరించారు. గల్ఫ్ మార్గాల్లో విస్తరణ వాటా కొత్త సంస్థకు పోవడంతో, ఆ విస్తరణ ద్వారా మాతృసంస్థ కో-పైలట్లకు దక్కవలసిన అవకాశాలు కుంచించుకుపోయాయి.

విలీనం తెచ్చిన విభేదాలు

2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి. పేరు ఒకటైనా పైలట్ల జాబితాలు రెండుగానే మిగిలాయి. ఒకే సంస్థ, ఒకే దుస్తులు, జీతాలు మాత్రం వేర్వేరు. సమాన వేతనం కోరుతూ పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 2011 ఏప్రిల్ చివరి వారం నుంచి మే 6 వరకు సమ్మె చేశారు. మరుసటి ఏడాది వంతు పూర్వపు ఎయిరిండియా పైలట్లది. కొత్తగా రానున్న బోయింగ్ 787 విమానాల శిక్షణను రెండో వర్గంతో పంచుకోవడాన్ని వ్యతిరేకిస్తూ 2012 మే నుంచి 58 రోజులు విధులకు దూరంగా ఉన్నారు. కొత్త విమానం ఎవరి జాబితాకు చెందుతుందో వారికే పదోన్నతి. అందుకే అంత పట్టుదల.

ఈ రెండు సమ్మెల నుంచి తేలేది ఒక్కటే. ఒకే గ్రూపులో రెండు వేతన శ్రేణులు, రెండు సీనియారిటీ జాబితాలు ఉంచితే తాత్కాలికంగా ఖర్చు కలిసిరావచ్చు. ఆ రెండింటినీ కలపాల్సిన రోజు వచ్చినప్పుడు మిగిల్చుకున్నదంతా వివాదాలకు ధారపోయాల్సి వస్తుంది. మధ్యలో ఇబ్బంది పడేది ప్రయాణికుడు.

ప్రైవేటులోనూ అదే కథ

ప్రైవేటు సంస్థలు సైతం ఇదే దారి పట్టాయి. జెట్ ఎయిర్‌వేస్ 2007లో ఎయిర్ సహారాను రూ.1,450 కోట్లకు కొని జెట్‌లైట్‌గా పేరు మార్చింది. 2009 మేలో జెట్ కనెక్ట్ పేరుతో మరో చౌక సర్వీసు ప్రారంభించింది. ఈ రెండింటి మధ్య తేడాను గమనించాలి. జెట్‌లైట్ వేరే సంస్థ. కనెక్ట్ మాత్రం మొదట్లో జెట్ సొంత విమానాలతో, సొంత సిబ్బందితో నడిచిన సర్వీసు. పేరు మారినంత మాత్రాన పైలట్‌కు నష్టం లేదు. యజమాని మారినప్పుడే, అంటే నియామక పత్రం మీద వేరే సంస్థ పేరు వచ్చినప్పుడే సీనియారిటీ తెగిపోతుంది.

మాంద్యం కాలంలో ఉద్యోగ భద్రతపై ఆందోళన పెరిగి, జెట్ పైలట్లు 2009లో సంఘం పెట్టుకున్నారు. ఇద్దరు పైలట్లను యాజమాన్యం తొలగించడంతో ఆ ఏడాది సెప్టెంబరులో వందలాది మంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. ఐదు రోజులపాటు సర్వీసులు అతలాకుతలమయ్యాయి. చివరకు ఆ ఇద్దరినీ తిరిగి తీసుకోవడంతో వివాదం ముగిసింది.

కింగ్‌ఫిషర్ వ్యవహారం మరో రకం. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ప్రారంభించిన ఎయిర్ డెక్కన్ సామాన్యుడిని విమానం ఎక్కించిన సంస్థగా పేరు తెచ్చుకుంది. 2007లో కింగ్‌ఫిషర్ దానిలో వాటా కొని, తర్వాత విలీనం చేసుకుని, కింగ్‌ఫిషర్ రెడ్‌గా మార్చింది. విదేశీ సర్వీసులకు 5 ఏళ్ల దేశీయ అనుభవం తప్పనిసరి అన్న అప్పటి నిబంధనను డెక్కన్ వయసుతో దాటడం ఆ కొనుగోలులో ఇమిడి ఉన్న ప్రయోజనం. 2011 సెప్టెంబరులో చౌక విభాగాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించింది. నెలల తరబడి జీతాలు అందక సిబ్బంది రోడ్డెక్కారు. 2012 అక్టోబరులో లైసెన్సు సస్పెండయింది. జెట్ ఎయిర్‌వేస్ కూడా 2019 ఏప్రిల్ 17న సర్వీసులు నిలిపివేసింది. మాతృసంస్థ మునిగినప్పుడు పిల్ల సంస్థ ఒడ్డున మిగలదని ఈ రెండు ఉదంతాలు చాటాయి.

సీమకు స్వయంగా తెలిసిన ఉదాహరణ ట్రూజెట్. అది ఏ పెద్ద విమాన సంస్థకూ అనుబంధం కాదు. హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్ విమానాలతో 2015 జులైలో మొదలై, తిరుపతిని తన తొలి గమ్యాల్లో ఒకటిగా చేసుకుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ప్రారంభమైన రోజునే కడప-హైదరాబాద్ సర్వీసును నడిపింది కూడా ఆ సంస్థే. 2022 ఫిబ్రవరిలో దాని సర్వీసులు ఆగిపోయాయి. పెద్ద సంస్థ అండలేని చౌక సర్వీసు గాలివాటుకు ఎంత త్వరగా కూలుతుందో చెప్పడానికి ఇది చాలు. అందువల్ల అనుబంధ సంస్థ అంటే కేవలం కుట్రేనని కొట్టిపారేయడానికీ వీల్లేదు. పెద్ద గ్రూపు అండ ఉన్న పిల్ల సంస్థలో కొలువు, అండలేని స్వతంత్ర సంస్థలో కొలువుకన్నా మేలనే వాదనలో కొంత నిజముంది.

టాటాల చేతికి వచ్చాక...

2022 జనవరి 27న ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ టాటా గ్రూపు చేతికి వెళ్లాయి. అలయన్స్ ఎయిర్‌ను ఈ విక్రయంలో చేర్చలేదు. అది ప్రభుత్వం వద్దే మిగిలింది. అప్పటిదాకా ఒకే గొడుగు కింద ఉన్న తల్లీపిల్లలు ఆ రోజుతో వేరయ్యారు. మాతృసంస్థకు వెళ్లే దారి ఎప్పటికైనా తెరుచుకుంటుందని ఆశపడ్డ ఏటీఆర్ పైలట్లకు ఆ ఆశ లేకుండా పోయింది.

టాటాల వద్ద అప్పటికే విస్తారా, ఎయిర్‌ఏషియా ఇండియా ఉన్నాయి. నాలుగు సంస్థలను రెండుగా కుదించారు. ఎయిర్‌ఏషియా ఇండియా ఏఐఎక్స్ కనెక్ట్‌గా మారి 2024 అక్టోబరు 1న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసింది. ఇప్పుడు ఎయిరిండియా పూర్తిస్థాయి సేవల సంస్థ, ఎక్స్‌ప్రెస్ చౌక సంస్థ.

విలీనానికి ముందే సెగ తగిలింది. కొత్త వేతన విధానంలో విస్తారా పైలట్లకు హామీ ఇచ్చే జీతం నెలకు 70 గంటల లెక్క నుంచి 40 గంటల లెక్కకు మారింది. అంతకుమించి ఎగిరితేనే అదనపు సొమ్ము. దీనిపై అసంతృప్తి, సిబ్బంది కొరత తోడై 2024 ఏప్రిల్ మొదట్లో విస్తారా సర్వీసులు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. సంస్థ తన రోజువారీ సర్వీసులను 10 శాతం మేర తగ్గించుకోవాల్సి వచ్చింది. నెల తిరిగేలోగా, మే నెలలో ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. 25 మందిని తొలగించిన యాజమాన్యం కార్మిక శాఖ అధికారుల సమక్షంలో చర్చల తర్వాత వారిని తిరిగి తీసుకుంది. గల్ఫ్ వెళ్లాల్సిన వలస కార్మికులు ఆ రోజుల్లో విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డారు. వీసా గడువు ముంచుకొచ్చే కార్మికుడికి ఒక్క రోజు ఆలస్యం కూడా కొలువుకే ఎసరు.

ఇక విమానాల లెక్క. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాల కొనుగోలు ప్రకటించింది. అందులో 250 ఎయిర్‌బస్, 220 బోయింగ్. ఆ బోయింగ్‌లలో 190 మ్యాక్స్ రకం 737 విమానాలు. ఇవి ఎక్స్‌ప్రెస్ కోసం ఉద్దేశించినవి. అంటే గ్రూపు విస్తరణలో పెద్ద భాగం పిల్ల సంస్థ వాటాగా వెళ్తోంది. మహానగరాల నడుమ సర్వీసులు ఎయిరిండియాకు, చిన్న నగరాలకు, విహార, యాత్రా కేంద్రాలకు సర్వీసులు ఎక్స్‌ప్రెస్‌కు అన్న విభజన స్థూలంగా సాగుతోంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. పరిశ్రమ పెరుగుతున్న కాలంలో పిల్ల సంస్థ వల్ల తల్లి సంస్థ పైలట్ కొలువు పోదు. పోయేది అతడి ఎదుగుదల. ఆరేళ్లలో రావలసిన కమాండ్ తొమ్మిదేళ్లకు వస్తే ఆ మూడేళ్ల జీతం తేడా, ఆ తేడాతో తీరవలసిన అప్పుమీద వడ్డీ అతడి నెత్తిన పడతాయి. పరిశ్రమ కుంచించుకుపోయే కాలంలో మాత్రం కథ మారుతుంది. ఖర్చు ఎక్కువైన విమానమే ముందు ఆగుతుంది. ఎక్కువ జీతం ఉన్న సంస్థలోనే ముందు కోత పడుతుంది. అప్పుడు ఎసరు నిజంగానే కొలువుకు వస్తుంది.

లోకమంతా ఒకటే తగవు

విదేశాల అనుభవం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తోంది. ఫ్రాన్స్‌లో ఎయిర్ ఫ్రాన్స్ యాజమాన్యం తన చౌక సంస్థ ట్రాన్సావియాను ఇతర ఐరోపా దేశాల కేంద్రాలకు విస్తరించాలని తలపెట్టింది. దీనికి నిరసనగా 2014 సెప్టెంబరులో పైలట్లు రెండు వారాలు సమ్మె చేశారు. విదేశీ కేంద్రాల పథకాన్ని సంస్థ విరమించుకుంది. ఫ్రాన్స్‌లో మాత్రం ట్రాన్సావియా పెరిగింది. మాతృసంస్థ పైలట్లు అక్కడ పనిచేసేందుకు ఒప్పందాలు కుదిరాయి. జర్మనీలో లుఫ్తాన్సా పైలట్లు 2014 నుంచి కొన్నేళ్లపాటు పదేపదే సమ్మెలు చేయడం వెనుక పింఛను వివాదంతో పాటు యూరోవింగ్స్ విస్తరణ భయం కూడా ఉంది.

ఆస్ట్రేలియాలో క్వాంటాస్ 2004లో జెట్‌స్టార్‌ను రంగంలోకి దించింది. క్వాంటాస్ పేరుతో నడిచే ప్రతి సర్వీసులోనూ క్వాంటాస్ నిబంధనల ప్రకారం జీతం పొందే పైలటే ఉండాలన్నది అక్కడి పైలట్ల కోరిక. వివాదం ముదిరి 2011 అక్టోబరు 29న యాజమాన్యం ప్రపంచవ్యాప్తంగా తన విమానాలన్నింటినీ నేలకు దించేసింది. చివరకు మధ్యవర్తిత్వంలో పైలట్ల కోరిక నెగ్గలేదు.

అమెరికాలో డెల్టా సంస్థ సాంగ్ పేరుతో, యునైటెడ్ సంస్థ టెడ్ పేరుతో చౌక సర్వీసులు తెచ్చాయి. వాటిని నడిపింది మాతృసంస్థల పైలట్లే. సాంగ్ 2006లో, టెడ్ 2009లో కనుమరుగయ్యాయి. రంగులు, సీట్లు మార్చినా సిబ్బంది ఖర్చు పెద్దగా మారనప్పుడు వేరే పేరు పెట్టి సాధించేది స్వల్పమేనని తేలింది. చౌక అనుబంధ సంస్థల ఆదాలో జీతభత్యాల వాటా ఎంతో ఈ వైఫల్యాలే చెబుతున్నాయి.

అక్కడి పైలట్ల సంఘాలు దశాబ్దాలుగా ఒక రక్షణ సాధించుకున్నాయి. మాతృసంస్థ పేరుతో చిన్న సంస్థలు నడిపే విమానాల సంఖ్యకు, సీట్లకు వేతన ఒప్పందంలోనే పరిమితి ఉంటుంది. పెద్ద సంస్థల్లో ఆ పరిమితి సాధారణంగా 76 సీట్లు. అంతకుమించితే మాతృసంస్థ పైలటే నడపాలి. ఆ పరిమితికి లోపల ఉన్న చిన్న సంస్థల పైలట్ల పరిస్థితి మాత్రం చాలాకాలం దయనీయంగానే సాగింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో సమీపంలో కాంటినెంటల్ పేరుతో కోల్గన్ సంస్థ నడిపిన విమానం కూలి 50 మంది మరణించారు. ఆ విచారణలో చిన్న సంస్థల పైలట్ల తక్కువ జీతాలు, అలసట, శిక్షణ లోపాలు దేశమంతటా చర్చకు వచ్చాయి. కో-పైలట్‌కు సైతం సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది. జీతం తగ్గింపు ఒక హద్దు దాటితే అది పైలట్ కుటుంబ సమస్యగా ఆగిపోదు, వెనుక సీట్లలో కూర్చున్నవారి సమస్య కూడా అవుతుందని అమెరికా అంత ఖరీదు చెల్లించి నేర్చుకుంది.

మన దగ్గర రక్షణ ఏది?

మన దేశంలో మాతృసంస్థ, అనుబంధ సంస్థల మధ్య విమానాల పంపకానికి అటువంటి పరిమితి లేదు. పైలట్ల చేతులు కట్టే నిబంధన మాత్రం ఉంది. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కమాండర్ల రాజీనామా నోటీసు గడువును ఏడాదికి, కో-పైలట్ల గడువును 6 నెలలకు నిర్దేశించింది. ఉన్నపళంగా పైలట్లు వెళ్లిపోతే ప్రయాణికులు ఇబ్బంది పడతారన్నది దీని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కాని పిల్ల సంస్థకు విమానాలు మళ్లించడానికి యాజమాన్యం ఎటువంటి నోటీసూ ఇవ్వనక్కరలేనప్పుడు, బయటికి పోవడానికి పైలట్ మాత్రం ఏడాది ఆగాలనడం ఒంటిచేతి చప్పట్లే అవుతుంది.

విశ్రాంతి విషయంలో కొంత కదలిక వచ్చింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రివేళ ల్యాండింగ్‌లను తగ్గిస్తూ 2024 జనవరిలో కొత్త నిబంధనలు వెలువడ్డాయి. సంస్థల అభ్యంతరాలతో వాయిదాపడి, 2025 జులై, నవంబరు నెలల్లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో 2025 డిసెంబరు తొలి వారంలో వేలాది సర్వీసులు రద్దు చేసింది. ఆ సంస్థకు నియంత్రణ సంస్థ తాత్కాలిక మినహాయింపులు ఇవ్వాల్సి వచ్చింది. ఇండిగో అనుబంధ సంస్థల బాట పట్టలేదు, ఉన్న పైలట్లనే పొదుపుగా వాడుకునే బాట పట్టింది. దారులు వేరైనా లెక్క మాత్రం ఒకటే. పైలట్ ఖర్చును ఎంతవరకు తగ్గించవచ్చు అన్నదే రెండు చోట్లా ప్రశ్న.

యాజమాన్యాల వాదననూ వినాలి. ఇంధనం ధర, విమానాల అద్దె, విమానాశ్రయ రుసుములు వారి చేతిలో లేవు. పూర్తిస్థాయి సంస్థ ఖర్చుతో చిన్న పట్టణాలకు సర్వీసు నడిపితే నష్టమే. సర్వీసు ఎత్తేస్తే పైలట్ కొలువు ఏ జాబితాలోనూ ఉండదు. కడప, తిరుపతి వంటి చోట్లకు విమానం రావాలంటే చౌక సంస్థ తప్పదని వారు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. చౌకదనం సీట్ల అమరికలో, విమానాన్ని వేగంగా తిప్పడంలో, భోజనం మానడంలో ఉంటే అభ్యంతరం లేదు. ఒకే రకం విమానాన్ని ఒకే గ్రూపులో నడిపే ఇద్దరికి రెండు జీతాలు ఇవ్వడంలో ఉంటేనే చిక్కు.

తల్లిదండ్రులు అడగవలసినవి

వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల శిక్షణ కావాలి. దానికి అరకోటికి పైగా ఖర్చవుతుంది. ఆపైన విమాన రకపు అర్హతకు మరికొన్ని లక్షలు. ఈ ప్రాంతంలో ఆ సొమ్ము చాలా కుటుంబాలకు జీవితకాలపు కూడబెట్టు. ప్రకటనల్లో కనిపించే కమాండర్ జీతాన్ని చూసి అప్పుచేసే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు రాబట్టాలి.

నియామక పత్రం ఇచ్చేది మాతృసంస్థా, అనుబంధ సంస్థా? ఒప్పందం శాశ్వతమా, నిర్ణీత కాలానికా? నెలకు ఎన్ని గంటల జీతానికి హామీ ఉంది? శిక్షణ పేరిట ఎన్నేళ్ల బాండు రాయాలి? ఏ రకం విమానం, దానినుంచి పెద్ద విమానానికి మారే దారి కాగితం మీద ఉందా, మాటల్లోనే ఉందా? గ్రూపులోని సంస్థలు విలీనమైతే సీనియారిటీని ఎలా లెక్కిస్తారు? చివరి ప్రశ్న ఎక్కువమంది అడగరు. గత 20 ఏళ్లలో ఎక్కువ మందిని దెబ్బతీసింది అదే.

చేయవలసిందేమిటి?

పిల్ల సంస్థలను నిషేధించడం పరిష్కారం కాదు. అందుబాటు ధరల వల్ల తొలిసారి విమానం ఎక్కిన లక్షల మందికి అది అన్యాయం. చేయవలసినవి వేరే ఉన్నాయి. ఒక గ్రూపులోని సంస్థలన్నింటికీ ఉమ్మడి సీనియారిటీ జాబితా ఉండాలి, లేదా పిల్ల సంస్థ నుంచి తల్లి సంస్థకు నిర్ణీత పద్ధతిలో వెళ్లే దారినైనా రాతపూర్వకంగా ఖరారు చేయాలి. ఒకే రకం విమానానికి మూల వేతనం ఒకటిగా ఉండాలి. మార్గాలను, విమానాలను ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చేటప్పుడు సిబ్బందికి ముందస్తు నోటీసు ఇవ్వాలి. పైలట్ ఇవ్వవలసిన నోటీసు ఏడాది అయినప్పుడు, యాజమాన్యం ఇవ్వవలసినది కనీసం ఆరు నెలలైనా ఉండటం న్యాయం.

2014 నుంచి 2018 వరకు అశోక్ గజపతిరాజు, 2024 జూన్‌లో బాధ్యతలు చేపట్టిన కింజరాపు రామ్మోహన్‌నాయుడు... పౌర విమానయాన శాఖ పదేళ్ల వ్యవధిలో రెండుసార్లు తెలుగువారి చేతికి వచ్చింది. కొత్త విమానాశ్రయాలు, కొత్త సర్వీసులు కోరడంలో మన ప్రజాప్రతినిధులు వెనుకబడలేదు. ఆ విమానాలు నడిపే చేతుల సంగతి మాత్రం వినతిపత్రాల్లో అరుదుగానే కనిపిస్తుంది.

ఘాట్ రోడ్డుమీద బస్సు ఎక్కిన భక్తుడు డ్రైవరు నిద్రపోయి వచ్చాడా లేదా అని తప్పక ఆలోచిస్తాడు. రేణిగుంట రన్‌వే మీద దిగే విమానం విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. టికెట్టు మీద మిగిలిన సొమ్ము ఎక్కడి నుంచి మిగిలిందో ప్రయాణికుడు, పాలకుడు ఇద్దరూ అడగాలి. అది సీటు వెడల్పులో మిగిలితే సర్దుకుపోవచ్చు. పైలట్ నిద్రలోనో, అతడి కుటుంబ భవిష్యత్తులోనో మిగిలితే మాత్రం ఆ టికెట్టు చౌక కాదు.